ద్వేషం లేని చోట వివక్ష ఎలా బతుకుతుంది?

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 222 మంది శ్వేతజాతి వైద్య విద్యార్థులకూ రెసిడెంట్ డాక్టర్లకూ పరిశోధకులు కొన్ని వాక్యాలు చూపించి, వాటిలో ఏవి నిజమో ఏవి కావో చెప్పమన్నారు. నల్లజాతీయుల చర్మం తెల్లవారి చర్మం కన్నా మందంగా ఉంటుందనేది ఒక వాక్యం. వారి నాడుల కొసలు అంత సున్నితం కావని, వారి రక్తం త్వరగా గడ్డకడుతుందని మరికొన్ని. ఇవన్నీ అబద్ధాలు. అయినా 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో దాదాపు సగం మంది ఇలాంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని నిజం కావచ్చని గుర్తుపెట్టారు. తర్వాత వారికి ఇద్దరు కల్పిత రోగుల వివరాలు ఇచ్చారు. ఒకరికి కిడ్నీలో రాయి, మరొకరికి ఎముక విరిగింది. ఇద్దరిలో ఒకరు నల్లజాతి, మరొకరు శ్వేతజాతి. అబద్ధాలను ఎక్కువగా నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, చికిత్స సూచించడంలోనూ ఆ రోగి విషయంలోనే ఎక్కువగా తప్పారు. నమ్మనివారిలో చికిత్స విషయంలో ఈ తేడా కనిపించలేదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వీరు జాతివిద్వేషులు కారు. కు క్లక్స్ క్లాన్ అనే జాతివిద్వేష ముఠాలా తలకు తెల్లటి ముసుగు తొడుక్కుని తిరిగేవారు కారు. శరీరశాస్త్రం చదువుకుంటున్నవారు, రోగి బాధ తగ్గించడమే వృత్తిగా ఎంచుకున్నవారు. అడిగితే అందరినీ సమానంగానే చూస్తామని చెప్పేవారు, ఆ మాట మనస్ఫూర్తిగానే చెప్పేవారు కూడా.

జాతివివక్ష అనగానే మనకు గుర్తుకొచ్చేది వేరే దృశ్యం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథ్ పట్టణంలోని ఒక బార్‌లో, మా దేశం నుంచి వెళ్లిపొమ్మని అరుస్తూ ఒకడు తెలుగు ఇంజినీరును కాల్చి చంపాడు. తాను కాల్చింది ఇరాన్ దేశస్థులననే అనుకున్నాడు. ఆ ద్వేషానికి సాక్షులున్నారు, కేసు నడిచింది, జీవితఖైదు పడింది. పేరున్న నేరానికి చట్టంలో శిక్ష ఉంటుంది. కానీ అత్యవసర వార్డులో నొప్పితో మూలుగుతున్న మనిషికి మందు ఒక మెట్టు తక్కువ ఇచ్చిన డాక్టరు మీద ఏ కేసూ నడవదు, ఎందుకంటే తాను అలా చేశానని ఆయనకే తెలియదు. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో డాక్టర్లు గణనీయంగానే ఉన్నారు కాబట్టి, ఈ చర్చలో మనం ప్రేక్షకులం మాత్రమే కాదని ముందే అనుకోవడం మంచిది.

మందపు చర్మం కథ ఎక్కడి నుంచి వచ్చిందో వెదికితే ఆధారాలు సులభంగానే దొరుకుతాయి. ఆ వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని 1819లో స్థాపించిన అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, అంతకు మూడు దశాబ్దాల ముందే, నల్లవారి దుఃఖం ఎక్కువసేపు నిలవదని రాశాడు. 1851లో లూసియానాలోని శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు ఇంకా ముందుకు వెళ్లి, యజమాని దగ్గర నుంచి పారిపోవాలని బానిసకు అనిపించడం ఒక మానసిక రోగమని ప్రకటించాడు. నల్లవారి చర్మానికి స్పర్శజ్ఞానం మొద్దుబారే జబ్బు ఒకటుందని, దానివల్లే వారు పని సరిగా చేయరని కూడా చెప్పాడు. ఈ సిద్ధాంతాలు ఎవరికి అవసరమయ్యాయో విడమరచి చెప్పనక్కరలేదు. నొప్పి తెలియని శరీరాన్ని కొరడాతో కొడితే పాపం అంటదు. అలా పత్తి తోటల ఆర్థిక వ్యవస్థకు వైద్యం ముద్ర వేసి ఇచ్చింది.

బానిసత్వం 1865లో రద్దయింది. కార్ట్‌రైట్ పేరు ఈనాటి వైద్య విద్యార్థుల్లో ఎక్కువమందికి తెలియదు. ఆ అబద్ధం వల్ల లాభపడిన వ్యవస్థ పోయి నూట యాభై ఏళ్లు దాటింది. మరి అబద్ధం ఎందుకు పోలేదు? పిల్లలకు పెద్దలు పనిగట్టుకుని నేర్పారని చెబితే అది పాక్షిక సమాధానమే అవుతుంది. రోజువారీ జీవితంలో సాక్ష్యాలను మనసు ఎలా చదువుతుంది, ఎలా లెక్కపెడుతుంది, ఎలా తయారుచేసుకుంటుంది అనే చోట మిగతా సమాధానం ఉంది. తప్పుడు అభిప్రాయాన్ని బతికించడానికి దుష్టబుద్ధి అవసరం లేదు, మామూలు బుద్ధి చాలు అన్నదే నా వాదన.

మొదట, తప్పు చేసినవాడికి తప్పు తెలిసే దారి ఉందా అని చూడాలి. వంటలో ఉప్పు ఎక్కువైతే మొదటి ముద్దకే తెలుస్తుంది. నొప్పి విషయంలో అలాంటి అవకాశం లేదు. జ్వరానికి థర్మామీటరు ఉంది, రక్తపోటుకు యంత్రం ఉంది, నొప్పికి రోగి మాటే కొలత. ఆ మాటను ఎంతవరకు నమ్మాలన్నది వినేవాడి చేతిలో ఉంటుంది. 2003 నుంచి 2010 వరకు అపెండిసైటిస్‌తో అమెరికా అత్యవసర వార్డులకు వచ్చిన పిల్లల రికార్డులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పి తీవ్రంగా ఉన్నట్టు నమోదైన పిల్లల్లో సైతం నల్లజాతి పిల్లలకు బలమైన నొప్పి మందు అందే అవకాశం తెల్లజాతి పిల్లలతో పోలిస్తే చాలా తక్కువని తేలింది. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లిపోతాడు. అతనికి ఆ రాత్రి ఎలా గడిచిందో డాక్టరుకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పిల్లవాడు గట్టిగా ఏడవకపోతే, నొప్పి అంత లేదన్న అంచనా సరైనదే అనిపిస్తుంది. గట్టిగా ఏడిస్తే అతి చేస్తున్నాడనిపిస్తుంది. ఏ వైపు నుంచి చూసినా మొదటి అంచనాకు దెబ్బ తగలదు.

అస్పష్టత ఉన్న చోటే ముందస్తు అభిప్రాయం పనిచేస్తుందని చూపించిన ప్రయోగాల్లో నాకు అన్నింటికన్నా సూటిగా అనిపించేది 1976లో బర్ట్ డంకన్ ప్రచురించినది. కాలిఫోర్నియాలోని శ్వేతజాతి విద్యార్థులకు ఆయన ఒక వీడియో చూపించాడు. ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, వాదన ముదురుతుంది, ఒకడు మరొకణ్ణి తోస్తాడు. ఆ తోపు సరదాకా కోపంతోనా అన్నది స్పష్టంగా ఉండదు, ఉద్దేశపూర్వకంగానే అలా తీశారు. తోసినవాడు నల్లవాడు, తోయించుకున్నవాడు తెల్లవాడు అయినప్పుడు చూసినవారిలో 75 శాతం మంది దాన్ని హింసాత్మక ప్రవర్తన అన్నారు. పాత్రలు తారుమారై తెల్లవాడు నల్లవాణ్ణి తోసినప్పుడు ఆ మాట అన్నది 17 శాతం మందే. ఎక్కువమందికి అది ఆటపట్టించడంగానో, కాస్త అతిగా నటించడంగానో కనిపించింది. ఇక్కడ జరిగినది జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. వారు మొదట ఒక తోపును చూసి, తర్వాత ఆలోచించి, ఆ మీదట జాతిని బట్టి తీర్పు ఇవ్వలేదు. వారికి కనబడిందే హింస. కళ్లారా చూశానని ప్రమాణం చేసి చెప్పగల సాక్షులు వారు. అభిప్రాయం తీర్పు దగ్గర కాకుండా చూపు దగ్గరే చేరిపోయినప్పుడు, దాన్ని అభిప్రాయమని ఆ మనిషి ఎలా గుర్తుపడతాడు? నల్లవారు దూకుడుగా ఉంటారన్న నమ్మకానికి ఆ రోజు ఒక కొత్త ‘అనుభవం’ తోడయింది, ఆ అనుభవాన్ని తయారుచేసింది ఆ నమ్మకమే.

చూపు తర్వాత లెక్క. అదే 1976లో డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫోర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు జాతి అన్న మాటే లేకుండా ఒక ప్రయోగం చేశారు. ‘ఎ’ అనే గుంపులోని వారి గురించి 26 వాక్యాలు, ‘బి’ అనే గుంపులోని వారి గురించి 13 వాక్యాలు చదివించారు. ‘ఎ’లో 18 మంచి పనులు, 8 చెడ్డ పనులు, ‘బి’లో 9 మంచి, 4 చెడ్డ. నిష్పత్తి రెండింట్లోనూ ఒకటే. కాని చదివినవారు తర్వాత గుర్తుచేసుకున్నప్పుడు ‘బి’ గుంపుకు చెడ్డ పనులను ఉన్నదానికన్నా ఎక్కువగా అంటగట్టారు. కారణం ఊహించగలిగినదే. ‘బి’ గుంపు అరుదు, చెడ్డ పని కూడా అరుదు. రెండు అరుదైనవి కలిసి వచ్చినప్పుడు అది మనసులో గట్టిగా నాటుకుంటుంది. ఏ దేశంలోనైనా మైనారిటీలకు ఈ లెక్క ముందే ప్రతికూలంగా ఉంటుంది, వారి మీద ఎవరికీ ఏ పగా లేకపోయినా సరే. ఇక దానికి పత్రికలు, టీవీలు నేరవార్తలో నిందితుడి జాతిని పదేపదే చూపడం తోడైతే జరిగేది వేరే చెప్పాలా?

వ్యతిరేక సాక్ష్యం ఎదురైనప్పుడైనా నమ్మకం సడలాలి కదా అంటారు. దానికీ మనసు దగ్గర సిద్ధంగా మార్గాలున్నాయి. సామాజిక మనస్తత్వవేత్త థామస్ పెటిగ్రూ 1979లో వీటిని వివరించాడు: ఇష్టపడని గుంపులోని మనిషి చెడ్డ పని చేస్తే అది వాళ్ల రక్తంలోనే ఉందంటాం, మంచి పని చేస్తే అదృష్టమనో, పరిస్థితి కలిసొచ్చిందనో, అతడు అందరిలాంటివాడు కాదనో అంటాం. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే ఆఫ్రికా విద్యార్థుల గురించి ఇళ్ల యజమానుల మాటలు విన్నవారికి ఇది కొత్త కాదు. ‘ఇంతకుముందు మా పై పోర్షన్‌లో ఉన్న నైజీరియా కుర్రాడు బంగారంలాంటివాడండీ, కానీ అందరూ అలా ఉండరు కదా’ అంటారు. ఆ కుర్రాడు రెండేళ్లు సక్రమంగా అద్దె కట్టినా అది అతని ఖాతాలోకే పోయింది, అతని దేశం ఖాతాలో పడలేదు. మరొకడు రాత్రి పాటలు గట్టిగా పెడితే మాత్రం అది ఖండం మొత్తం ఖాతాలో పడుతుంది. ఇంటి యజమాని అబద్ధం ఆడటం లేదు, తన అనుభవమే చెబుతున్నాడు. జమ ఒక చోట, ఖర్చు ఒక చోట రాసుకునే ఆ పద్దులో మార్పు వచ్చే అవకాశమే లేదు.

ఇంతవరకు చెప్పినవి ఉన్న సాక్ష్యాన్ని తప్పుగా చదవడం గురించి. ఇంతకన్నా లోతైనది, సాక్ష్యాన్ని ఎదుటి మనిషి చేతే తయారుచేయించడం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వర్డ్, మార్క్ జాన్నా, జోయెల్ కూపర్ చేసి 1974లో ప్రచురించిన రెండంచెల ప్రయోగాన్ని కాస్త నిదానంగా చూడటం అవసరం. మొదటి అంచెలో శ్వేతజాతి విద్యార్థులు అభ్యర్థులను ఇంటర్వ్యూ చేశారు. ఎలా మాట్లాడాలో, ఎలా కూర్చోవాలో అభ్యర్థులందరికీ ఒకే రకమైన శిక్షణ ఇచ్చారు. అయినా ఎదురుగా నల్లజాతి అభ్యర్థి ఉన్నప్పుడు ఇంటర్వ్యూ చేసేవారు కుర్చీ కాస్త దూరంగా వేసుకున్నారు, మాటల్లో ఎక్కువసార్లు తడబడ్డారు, ఇంటర్వ్యూను దాదాపు పావు వంతు ముందే ముగించారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇంటర్వ్యూ చేసినవారికి తాము వేరుగా ప్రవర్తిస్తున్నామన్న స్పృహే ఉన్నట్టు లేదు.

రెండో అంచెలో పాత్రలు మార్చారు. ఈసారి ఇంటర్వ్యూ చేసేవారికి శిక్షణ ఇచ్చారు, అభ్యర్థులు మామూలు శ్వేతజాతి విద్యార్థులు. కొందరితో దగ్గరగా కూర్చుని తీరికగా మాట్లాడారు. మరికొందరితో, మొదటి అంచెలో నల్లజాతి అభ్యర్థులకు ఎదురైనట్టే, దూరంగా కూర్చుని తడబడుతూ త్వరగా ముగించారు. ఆ రెండో రకం ఆదరణ దొరికిన తెల్లవారు కూడా ఇంటర్వ్యూలో తడబడ్డారు. వీడియోలు చూసి మార్కులు వేసినవారు వారిని ఆ ఉద్యోగానికి తక్కువ అర్హులుగా లెక్కగట్టారు. అంటే అసమర్థత అభ్యర్థిలో లేదు, కుర్చీల మధ్య దూరంలో ఉంది. నిజ జీవితంలో ఈ రెండో అంచె ఎవరూ చేయరు. నల్లజాతి అభ్యర్థి బాగా చేయలేదని ఇంటర్వ్యూ చేసిన అధికారి రాసుకుంటాడు, అతను నిజంగానే బాగా చేయలేదు కూడా. సంస్థలో ఆ కాగితం ఒక నిష్పాక్షికమైన ఆధారంగా ఫైలులో చేరుతుంది, వచ్చే ఏడాది ఎంపికలో మరొకరు ఆ ఫైలు తిరగేస్తారు.

ఈ దశలో పాఠకుడికి సహజంగా కలిగే ఆలోచన, నిజాయితీగా ఆత్మపరిశీలన చేసుకుంటే బయటపడవచ్చు కదా అని. మన సంప్రదాయంలో ఆత్మపరిశీలనకు గొప్ప గౌరవం ఉంది, ఆ గౌరవాన్ని తగ్గించాలని నాకు లేదు. కాని ఈ పనికి అది చాలదు. 1977లో రిచర్డ్ నిస్‌బెట్, తిమోతీ విల్సన్ ప్రచురించిన వ్యాసంలో ఒక చిన్న ఉదాహరణ ఉంది. దుకాణంలో నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరుసగా పెట్టి ఏది నాణ్యమైనదో చెప్పమంటే కుడి చివరి జతను ఎంచుకున్నవారే మిగతావాటికన్నా ఎక్కువ. నాలుగూ ఒకే రకానివి. ఎందుకు ఎంచుకున్నారంటే నేత బాగుందని, పనితనం బాగుందని కారణాలు చెప్పారు. పెట్టిన స్థానం వల్ల ఎంచుకున్నానని ఒక్కరూ అనలేదు, అలా అయి ఉండవచ్చా అని అడిగినా దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. మన నిర్ణయానికి అసలు కారణం మనకు కనిపించదు. అడిగినప్పుడు మర్యాదగా ఉన్న ఒక కారణాన్ని మనసు అప్పటికప్పుడు అల్లి ఇస్తుంది.

మేజోళ్ల దగ్గర దీనివల్ల నష్టం లేదు, న్యాయస్థానంలో ఉంది. అమెరికా జ్యూరీ విచారణల్లో ఇరుపక్షాల న్యాయవాదులకు కొందరు జ్యూరీ సభ్యులను కారణం చెప్పకుండానే తొలగించే హక్కు ఉంటుంది. జాతి కారణంగా అలా తొలగించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1986లో బాట్సన్ కేసులో తీర్పు ఇచ్చింది. అనుమానం వస్తే న్యాయవాది జాతితో సంబంధం లేని కారణం చూపించాలి. శామ్యూల్ సోమర్స్, మైకేల్ నార్టన్ 2007లో దీన్ని పరీక్షించారు. ప్రాసిక్యూటర్లుగా ఊహించుకోమని కొందరికి చెప్పి, ఇద్దరు జ్యూరీ అభ్యర్థుల్లో ఒకరిని తొలగించమన్నారు. ఒకరు పోలీసుల అక్రమాల మీద రాసిన పాత్రికేయుడు, మరొకరు గణాంకాలను నమ్మనని చెప్పిన ఉద్యోగి. ఫొటోల్లో జాతిని అటూ ఇటూ మార్చారు. ఏ వివరాలున్నవాడి పక్కన నల్లజాతి ఫొటో ఉంటే అతన్ని తొలగించే మొగ్గు పెరిగింది. కారణం అడిగితే జాతి ప్రస్తావన దాదాపుగా లేదు. పాత్రికేయుడు నల్లవాడైతే పోలీసుల మీద రాసినవాడు ప్రమాదమన్నారు. గణాంకాలను నమ్మనివాడు నల్లవాడైతే శాస్త్రీయ సాక్ష్యాన్ని నమ్మనివాడు ప్రమాదమన్నారు. రెండు కారణాలూ వినడానికి సబబుగానే ఉన్నాయి. అందుకే బాట్సన్ నియమం మీద పెద్దగా ఆశ పెట్టుకోవడం కష్టం. కారణం చెప్పమనడం అబద్ధాలకోరును పట్టుకోవడానికి పనికిరావచ్చు. తాను చెప్పే కారణాన్ని తానే నమ్ముతున్నవాణ్ణి అది ఎలా పట్టుకుంటుంది?

దీనికి కొసరుగా ఎమిలీ ప్రోనిన్, ఆమె సహచరులు 2002లో చూపించినది మరొకటుంది. ఇలాంటి పక్షపాతాల గురించి వివరించి చెప్పాక, ఇవి సగటు మనిషిలో ఎంత, మీలో ఎంత అని అడిగితే ఎక్కువమంది తమలో తక్కువేనన్నారు. ఇతరులను వారి చేతల్ని బట్టి తూకం వేస్తాం, మనల్ని మనం ఉద్దేశాల్ని బట్టి తూకం వేసుకుంటాం. మనసులోకి తొంగి చూస్తే సదుద్దేశమే కనబడుతుంది. అది నిజమే, కాని అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

మనసు చెప్పలేనిదాన్ని వేరే దారిలో కొలవాలన్న ప్రయత్నంలో ముఖ్యమైన పేరు మన ఊరి మనిషిదే. మహ్‌జరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి పెరిగారు, నిజాం కళాశాలలో, ఉస్మానియాలో చదివారు. ఢిల్లీ నుంచి ఇంటికి వచ్చే రైలు ప్రయాణంలో ఒక స్టేషన్‌లో సామాజిక మనస్తత్వశాస్త్రం మీద అయిదు సంపుటాల గ్రంథాన్ని సంపుటం ఒక్కో డాలరు ఖరీదుకు కొనడం తన దారి మార్చిందని ఆమె చెప్పుకున్నారు. అమెరికా వెళ్లి, అక్కడ ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి 1995లో అవ్యక్త సామాజిక వైఖరుల మీద, అంటే మనకే తెలియకుండా మనలో పనిచేసే వైఖరుల మీద, కీలకమైన వ్యాసం రాశారు. గ్రీన్‌వాల్డ్ బృందం 1998లో ప్రకటించిన పరీక్షను ఆమె, బ్రయన్ నోసెక్ తదితరులు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. తెల్లవారి ముఖాలనూ మంచి మాటలనూ ఒక మీటతో, నల్లవారి ముఖాలనూ చెడు మాటలనూ మరో మీటతో వర్గీకరించాలి. తర్వాత జతలు మార్చి మళ్లీ చేయాలి. రెండింటికీ పట్టే సమయంలో తేడాను మిల్లీసెకన్లలో కొలుస్తారు. మొదటిసారి ఆ పరీక్ష చేసుకున్నప్పుడు తన ఫలితం తనకే మింగుడు పడలేదని బనాజీ బహిరంగంగానే చెప్పారు.

ఈ పరీక్షకు వచ్చిన ప్రచారం దాని శక్తికి మించినదని కూడా చెప్పాలి. ఒకే మనిషి ఇవాళ, వచ్చే వారం చేస్తే ఫలితాలు బాగా మారవచ్చు. ఒక వ్యక్తి స్కోరును బట్టి అతను రేపు ఎలా ప్రవర్తిస్తాడో చెప్పడం సాధ్యం కాదని 2013 నాటి ఒక సమీక్షా విశ్లేషణ గట్టిగానే వాదించింది. ‘మీ మనసులో ఇంత శాతం వివక్ష’ అని చెప్పే మీటరు కాదది. ఈ విమర్శలను పట్టుకుని అసలు అవ్యక్త వివక్షే లేదని కొందరు తేల్చేస్తారు, ఆ తేల్చడం తప్పు. ఎందుకంటే పరీక్షలో తప్పులున్నా ఫలితం లోకంలో కనబడుతూనే ఉంది. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత బయోడేటాలు పంపి 2004లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానమైనా ఎమిలీ, గ్రెగ్ లాంటి పేర్లకు 10 దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, లకీషా, జమాల్ లాంటి పేర్లకు 15 దరఖాస్తులు పట్టాయి. అందరికీ సమాన అవకాశమిస్తామని ప్రకటనలో రాసుకున్న సంస్థలూ మిగతావాటిలాగే ప్రవర్తించాయి. పేరు తోక చూసి కులం పోల్చుకునే దేశంలో ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ఇదే పద్ధతిని ఇక్కడి ప్రైవేటు ఉద్యోగాల మీద ప్రయోగిస్తే, అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు అని తేలింది.

హాని చేయడమే వివక్ష అనుకుంటే సగమే చూసినట్టు. మనవాడికి ఒక చేయి ఎక్కువ సాయం చేయడం కూడా అదే పని చేస్తుంది, పైగా చేసినవాడికి పుణ్యం చేసిన తృప్తి మిగులుతుంది. నాజీల చెరలో యుద్ధఖైదీగా బతికి బయటపడిన మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ బడిపిల్లలను అర్థం లేని కారణాలతో రెండు గుంపులుగా విడదీసి చూపించాడు: ఒకరి ముఖం ఒకరికి తెలియకపోయినా, తమకు ఏ లాభమూ లేకపోయినా, పిల్లలు తమ గుంపువాడికే ఎక్కువ డబ్బు ఇచ్చారు. మన ఊరివాడు, మన కాలేజీవాడు అని సిఫారసు చేసేటప్పుడు ఎవరికీ అన్యాయం చేస్తున్నట్టు అనిపించదు. సిఫారసు దొరకనివాడు ఆ గదిలో ఉండడు కదా.

మనుషులను తప్పించి యంత్రాలకు అప్పగిస్తే సరిపోతుందన్న ఆశ ఎక్కువకాలం నిలవలేదు. అమెరికా ఆసుపత్రుల్లో విస్తృతంగా వాడిన ఒక అల్గారిథమ్‌ను జియాద్ ఓబర్‌మేయర్ బృందం పరిశీలించి 2019లో లోపం బయటపెట్టింది. ఎవరికి అదనపు వైద్య సంరక్షణ అవసరమో అది నిర్ణయించాలి. దానికి జాతి వివరం ఇవ్వనే లేదు. కాని జబ్బు తీవ్రతకు బదులు గతంలో ఆ రోగి మీద అయిన ఖర్చును అది కొలతగా తీసుకుంది. తక్కువ వైద్యం అందినవారి మీద తక్కువ ఖర్చవుతుంది. తక్కువ ఖర్చయినవారు ఆరోగ్యవంతులని యంత్రం లెక్కగట్టింది. ఆ లోపం సరిచేస్తే అదనపు సంరక్షణకు ఎంపికయ్యేవారిలో నల్లజాతీయుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని వారు లెక్క చూపారు. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకీ వచ్చిన పల్స్ ఆక్సీమీటరు సంగతీ ఇలాంటిదే. వేలి చర్మం గుండా కాంతిని పంపి ఆక్సిజన్‌ను అంచనా వేసే ఆ పరికరం, ముదురు రంగు చర్మం ఉన్నవారిలో లేని ఆక్సిజన్‌ను ఉన్నట్టు చూపగలదు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020 డిసెంబరులో ప్రచురించిన వివరాల ప్రకారం, పరికరం 92 నుంచి 96 శాతం చూపినప్పుడు అసలు రక్తపరీక్షలో 88 శాతం కన్నా తక్కువ ఉన్నవారు శ్వేతజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. పరికరం ఎవరినీ ద్వేషించదు. ఎవరి వేళ్ల మీద దాన్ని ఎక్కువగా సరిచూశారన్నదే ప్రశ్న.

ఇదంతా విన్నాక ఇది మానవ స్వభావం, ఎవరేం చేయగలరని చేతులు ఎత్తేసేవారున్నారు. వారి మీద నాకు కొంచెం అనుమానం. ‘ఉపచేతన’ అన్న మాట సుఖంగా వాడుకోవడానికి వీలైనది. ఇంతవరకు తెలిసి చేసినవన్నీ తెలియక చేసినవాటి జాబితాలోకి చేర్చుకోవచ్చు. అసలు చిత్రంలో రెండూ ఉంటాయి. కార్ట్‌రైట్ తెలిసి చేశాడు. అతను వేసిన ముద్రను తర్వాతివారు తెలియక మోశారు. మోసేవారికి శిక్ష వేయడం కన్నా, మోతను ఆపే చోట్లు ఎక్కడున్నాయో వెదకడం ఉపయోగం.

హృదయ పరివర్తన తరగతుల వల్ల ఒరిగింది తక్కువ. కాల్విన్ లై నేతృత్వంలో 2016లో వచ్చిన అధ్యయనంలో, అవ్యక్త వైఖరులను తగ్గిస్తాయని అప్పటికే తేలిన తొమ్మిది పద్ధతులను మళ్లీ పరీక్షిస్తే, వెంటనే కనబడిన ప్రభావం కొన్ని గంటల్లోనో కొద్ది రోజుల్లోనో ఆవిరైంది. న్యూయార్క్ పోలీసులందరికీ అవ్యక్త వివక్ష మీద ఇచ్చిన శిక్షణను మదింపు చేసినవారికి రోడ్డు మీద ఆపి సోదా చేసే తీరులో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో మనస్తత్వవేత్త జెన్నిఫర్ ఎబర్‌హార్ట్ పోలీసులతో కలిసి వేరే పని చేశారు. ఎవరినైనా ఆపినప్పుడు నింపే ఫారంలో ఒక ప్రశ్న చేర్చారు: ఈ ఆపడానికి ఫలానా వ్యక్తికీ ఫలానా నేరానికీ సంబంధం చూపే ముందస్తు సమాచారం ఉందా, లేదా? పోలీసు ఆపడానికి ముందే ఆ ప్రశ్న గుర్తుకొస్తుంది. 2017లో సుమారు 32,000 ఉన్న ఆపివేతలు మరుసటి ఏడాది 19,000కు తగ్గాయి, నల్లజాతీయులను ఆపడం 43 శాతం తగ్గింది, నేరాలు పెరగలేదు. ఆ ఏడాది అక్కడ ఇతర మార్పులూ జరిగాయి కాబట్టి ఘనతంతా ఒక్క ప్రశ్నకే కట్టబెట్టలేం. కాని దిశ గమనించదగినది. అస్పష్టత ఎక్కడుందో అక్కడే పోలీసు చేతిని ఒక్క క్షణం పట్టుకున్నారు.

వైద్యంలో దీనికి సరితూగేది కిడ్నీ లెక్క. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో కండరాల నుంచి రక్తంలో చేరే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని బట్టి ఒక సూత్రంతో అంచనా వేస్తారు. నల్లవారికి కండ ఎక్కువ ఉంటుందన్న ఊహతో, రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెను పెంచే గుణకం ఆ సూత్రాల్లో ఉండేది. 2009 నాటి సూత్రంలో అది సుమారు 16 శాతం. డయాలసిస్ మొదలుకాకముందే కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం లెక్కలోకి రావాలంటే ఆ అంకె 20కి మించకూడదు. లెక్కలో 18 వచ్చిన తెల్లజాతి రోగికి ఆ రోజు నుంచే నిరీక్షణ మొదలయ్యేది. అదే రక్తఫలితం, అదే వయసు ఉన్న నల్లజాతి రోగికి ల్యాబ్ కంప్యూటర్ దాదాపు 21 చూపించేది, అతను ఇంటికి వెళ్లి జబ్బు ముదిరే దాకా ఆగాల్సి వచ్చేది. ఆ గుణకాన్ని ఏళ్ల తరబడి వాడిన డాక్టర్లలో దాన్ని వివక్ష అనుకున్నవారు చాలా తక్కువ; అది ల్యాబ్ రిపోర్టులో ముద్రించి వచ్చే అంకె. వైద్య విద్యార్థులు, కొందరు డాక్టర్లు ప్రశ్నించడం మొదలుపెట్టాక, 2021లో అమెరికా కిడ్నీ వైద్య సంఘాల సంయుక్త కార్యదళం జాతి గుణకం లేని సూత్రాన్ని సిఫారసు చేసింది. పాత సూత్రం వల్ల వెనకబడిన నల్లజాతి రోగులను గుర్తించి వారి నిరీక్షణ కాలాన్ని వెనకటి తేదీ నుంచి లెక్కగట్టాలని 2023 జనవరిలో మార్పిడి ఆసుపత్రులన్నింటికీ ఆదేశం వెళ్లింది. ఆ సవరణతో వేలాది మంది వరుసలో నెలలు, కొందరు ఏళ్లు ముందుకు జరిగారు.